వెనక్కి తిరిగే చోటు పెద్దవాళ్లే చెప్పాలి

మన ఇళ్లల్లో పెద్దవాళ్లని సముద్రానికి తీసుకెళ్లడం ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. కారు ఆగగానే పిల్లలు నీళ్లవైపు పరిగెడతారు. మగవాళ్లు ఫోన్లు బయటికి తీస్తారు. మనం అందరి చెప్పులూ, తువ్వాళ్లూ, మంచినీళ్ల సీసాలూ పట్టుకుని ఇసకలో నిలబడతాం. ఇంటి పెద్దావిడ మాత్రం కారులోనే. "ఇసకలో నడవలేరు అత్తయ్యా, ఇక్కడే కూర్చోండి, అద్దం దించుతాను, గాలొస్తుంది" అంటాం. ఆవిడ కూడా "సరేలేమ్మా, నాకిక్కణ్ణుంచి బాగానే కనపడుతోంది" అంటారు. మధ్యలో ఎవరో ఒకరు వచ్చి వేరుశనక్కాయల పొట్లమో, కాల్చిన మొక్కజొన్న కండో చేతిలో పెట్టి వెళ్తారు. ఇంటికొచ్చాక అందరం కలిసి సముద్రం చూసొచ్చామని చెప్పుకుంటాం.

ఇందులో ప్రేమ లేదని నేననను. పడితే తుంటి ఎముక విరుగుతుందన్న భయం అందరికీ ఉంటుంది. కానీ డెబ్భై దాటిన మనిషికి సముద్రం కనపడటం వేరు, తన కాళ్లతో తను నడిచి దాని దగ్గరికి వెళ్లడం వేరు. రెండోది చాలామంది పెద్దవాళ్లకి ఇంకా సాధ్యమే. దానికి కావలసిన చిన్న చిన్న ఏర్పాట్లు మనం చెయ్యం, ఊరూ చెయ్యదు. చెయ్యకుండా, తప్పంతా వాళ్ల మోకాళ్ల మీదకి తోసేస్తాం.

మనకి నడకంటే రెండు రకాలే తెలుసు. ఒకటి, డాక్టరుగారు చెప్పిన వాకింగు. పార్కులో బూట్లు వేసుకుని, గడియారం చూసుకుంటూ, సుగరు తగ్గడం కోసం చేసేది. రెండోది మొక్కు నడక. సింహాచలం గిరి ప్రదక్షిణ అయితే 32 కిలోమీటర్లు, అలిపిరి నుంచి తిరుమలకైతే 3,550 మెట్లు. మొదటిదాంట్లో మందు వాసన ఉంటుంది. రెండోదాంట్లో ఎంత కష్టపడితే అంత పుణ్యం. ఈ రెంటికీ మధ్య, హాయిగా నాలుగడుగులు వేసి, ఓ చోట కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ నాలుగడుగులు వేసే నడక ఒకటుంటుందని మన ఇళ్లల్లో తోచదు. అందులోనూ ఆడవాళ్ల విషయంలో అసలు తోచదు.

మా అమ్మ తరం ఆడవాళ్లు తక్కువేం నడవలేదు. బావికి నడిచారు, చెరువుకి నడిచారు, రేషను షాపుకి, గుడికి, పురిటింటికి, పరామర్శకి నడిచారు. ప్రతి నడకకీ ఒక పని ఉండేది. చేతిలో బిందో సంచో, చంకలో పిల్లో ఉండేది. దారిలో ఎవరైనా "ఎక్కడికి పిన్నీ?" అంటే చెప్పడానికి ఒక జవాబు ఉండాలి. "ఊరికే" అనే జవాబు మగవాళ్లకి చెల్లింది. వాళ్లు సాయంత్రమైతే రచ్చబండ దాకా ఊరికే వెళ్లొచ్చేవారు. ఆడమనిషి ఊరికే వీధిలో కనపడితే అదో వింత. ఇప్పుడు వాళ్లకి డెబ్భై ఏళ్లొచ్చాయి. బిందె పోయి కుళాయి వచ్చింది, సరుకులు ఇంటికే వస్తున్నాయి, మనవలు పెద్దవాళ్లయ్యారు. పనులు ఒక్కొక్కటే చేతిలోంచి వెళ్లిపోయాయి, వాటితోపాటు నడకా పోయింది. గుమ్మం దాటడానికి ఆవిడ దగ్గర కారణమేదీ మిగల్లేదు.

అందుకే కారణం అక్కర్లేని నడక ఒకటి వాళ్లకి కావాలంటాను. దానికి సముద్రపు ఒడ్డు పల్లెకంటే మంచి చోటు నాకు తెలీదు. ఎక్కే మెట్లుండవు. చూడటానికి ఏదో ఒకటి కదులుతూనే ఉంటుంది కాబట్టి ఆగి నిలబడ్డా "అలసిపోయారా?" అని ఎవరూ అడగరు. అక్కడ ఆగి చూడటం మామూలే. వయసుని దాచుకోనవసరం లేని చోటది.

మాకు దగ్గర్లో ఉన్నది భీమిలి. విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు ఉంటుంది. వెళ్లేటప్పుడు బస్సులో కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెడితే రుషికొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బల మీదుగా దారి పొడుగునా సముద్రం కనపడుతూనే ఉంటుంది. ఆ ప్రయాణమే సగం సంబరం. 1861లో మున్సిపాలిటీ అయిన ఊరిది. దేశంలోని పాత మున్సిపాలిటీల్లో ఒకటి. ఇప్పుడు విశాఖ మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. కాగితాల్లో ఇంత చరిత్ర ఉన్నా, ఒడ్డుకి దిగితే మాత్రం మత్స్యకారుల పల్లెలానే ఉంటుంది. పడవలు, ఆరబెట్టిన వలలు, చేపల తట్టలు, వాటి చుట్టూ కాకులు.

అక్కడ మేం నడిచే దారి చెప్తాను. మీ ఊరికి దగ్గరలో ఏ సముద్రపు పల్లె ఉన్నా ఇదే పద్ధతిలో ఒక దారి వేసుకోవచ్చు.

పాత లైట్‌హౌస్ దగ్గర మొదలుపెడతాం. తెల్లగా, పొట్టిగా, ఇప్పుడు దీపం వెలగని లైట్‌హౌస్. ఈ ఊరు ఒకప్పుడు ఓడలొచ్చిన రేవు అని చెప్పడానికి అదొక్కటి చాలు. దానికి దగ్గర్లోనే డచ్చివాళ్ల సమాధులున్నాయి. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడ కోట కట్టుకుని, ఇక్కడే చనిపోయినవాళ్లవి. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లిపోయింది, సమాధులు మిగిలాయి. కొన్ని గోపురాల్లా కోసుగా లేచి ఉంటాయి. మా అత్తగారికి అక్కడ నిలబడటం ఇష్టం. "ఎక్కడ పుట్టారో, ఎక్కడికొచ్చి పడుకున్నారో" అంటారు ప్రతిసారీ. సమాధుల దగ్గరికి పెద్దవాళ్లని ఎందుకు తీసుకెళ్తారని మా బంధువుల్లో ఒకావిడ నన్ను కోప్పడింది. పెద్దవాళ్లు మనకంటే ధైర్యంగా చూస్తారు వాటిని. మనకే గుబులు.

అక్కణ్ణుంచి ఒడ్డు వెంట ఉన్న రోడ్డు మీదే నెమ్మదిగా గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు వెళ్తాం. అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర పుట్టిన నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఎండాకాలం నది సన్నబడి, మధ్యలో ఇసక మేట వేసి ఉంటుంది. వానలు పడ్డాక వెళ్తే ఎర్రటి నీళ్లూ, సముద్రపు నీళ్లూ పక్కపక్కనే కనపడతాయి. వెనక్కి తిరిగి చూస్తే పావురాలకొండ. దాని మీద పాత బౌద్ధారామం శిథిలాలున్నాయి, నరసింహస్వామి గుడి ఉంది. భీముడు బకాసురుణ్ణి చంపి ఆ స్వామిని నిలిపాడని స్థలపురాణం, ఊరికి ఆ పేరు అందుకే అంటారు. పైకెక్కలేనివాళ్లు కిందనుంచే దణ్ణం పెట్టుకుంటారు. అంతదూరం వచ్చి గుడికి వెళ్లలేకపోయామే అని మా అమ్మ మొదట్లో బాధపడేది. "ఎక్కనివాళ్ల దణ్ణం స్వామికి అందదా వదినగారూ?" అని మా అత్తగారే సర్దిచెప్పారు.

ఇంతే దారి. మా అమ్మకి డెబ్భై ఒకటి, అత్తగారికి డెబ్భై ఆరు. కూర్చోవడాలన్నీ కలుపుకుని పోనూ రానూ గంటన్నర పడుతుంది. వయసులో ఉన్నవాళ్లు అరగంటలో అయిపోతుందంటారు. అవుతుంది. కానీ ఈ నడకని నేను కిలోమీటర్లలో కొలవను. కూర్చునే చోట్లతో కొలుస్తాను. మొదటి కూర్చునే చోటు నుంచి రెండోదానికి ఎంతసేపు? మధ్యలో నీడ ఉందా? అదీ లెక్క. మీరు వాళ్లని తీసుకెళ్లే ముందు ఒక్కసారి మీరు వెళ్లి ఆ లెక్క చూసుకొస్తే చాలు, సగం భయం పోతుంది.

ఇసక సంగతి చెప్పాలి. పొడి ఇసకలో నడవడానికి గట్టినేల మీదకంటే దాదాపు రెట్టింపు శక్తి పడుతుంది. కాలు దిగబడుతుంది, పిక్కలు లాగేస్తాయి. అందుకని పెద్దవాళ్లకి నడకంతా రోడ్డు మీదే పెట్టి, ఇసకలోకి ఒక్కచోట, తక్కువ దూరం ఉన్నచోట దిగాలి. అలల దగ్గర తడి ఇసక గట్టిగానే ఉంటుంది కానీ ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలులో ఒకే దిక్కుకి ఎక్కువసేపు నడిస్తే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి, నడుమూ మోకాలూ నెప్పెడతాయి. కాసేపు అటు, కాసేపు ఇటు నడవాలి. నీళ్లలో చీలమండలు తడిసేవరకే. మన తీరంలో లోపలికి లాగే అలలు ఎక్కువ, వాటికి వీపు చూపించి ఫొటోలకి నిలబడటం ఏ వయసువాళ్లకీ మంచిది కాదు.

సుగరు ఉన్నవాళ్లు ఒట్టి కాళ్లతో ఇసకలో నడవకూడదు. వాళ్ల పాదాలకి స్పర్శ తగ్గి ఉంటుంది. ఆల్చిప్ప గుచ్చుకున్నా, ఇసక కాలినా తెలీదు, ఇంటికొచ్చాక పుండై కనపడుతుంది. వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయించండి. హవాయి చెప్పులు ఇసకలో కాలు మెలిపెడతాయి. మాత్ర వేసుకునో, ఇన్సులిన్ చేయించుకునో బయల్దేరితే కొంగున నాలుగు బిస్కట్లూ, కాస్త పంచదారా ఉండాలి. బెంచీ మీంచి లేచేటప్పుడు చటుక్కున లేవకుండా ఒక్క క్షణం కూర్చునే ఉండి, తర్వాత లేవమనండి. రక్తపోటు మాత్రలు వేసుకునేవాళ్లకి ఆ లేవడంలోనే కళ్లు తిరుగుతాయి. ఈ మధ్యే కంటి ఆపరేషను అయినవాళ్లయితే డాక్టరు సరేనన్నాకే రావాలి. గాలికి ఇసక రేగుతుంది, కళ్లజోడు తప్పనిసరి.

ఏ వేళకి వెళ్లాలంటే, మన సముద్రం తూర్పున ఉంది కదా. పొద్దున్న సూర్యోదయం బాగుంటుంది కానీ, కాసేపటికే ఎండ నేరుగా మొహం మీద కొడుతుంది. చలికాలంలో మధ్యాహ్నం మూడున్నర దాటాక వెళ్తే ఎండ వీపువైపు ఉంటుంది, సముద్రం మీంచి గాలి వస్తుంది. డిసెంబరులో ఐదుంపావు, ఐదున్నరకల్లా సూర్యుడు కొండల వెనక్కి పోతాడు కాబట్టి ఐదింటికల్లా వెనక్కి వచ్చెయ్యాలి. చీకట్లో పెద్దవాళ్ల కళ్లకి గతుకు కనపడదు. కార్తీక వనభోజనాల ఆదివారాలూ, మాఘ పౌర్ణమి సముద్ర స్నానాలూ వదిలెయ్యండి, ఆ జనంలో వాళ్లని తొక్కేస్తారు. మామూలు మంగళవారమో, బుధవారమో బంగారంలా ఉంటుంది. వైశాఖంలో అసలు వద్దు.

ఇక అసలు విషయానికొస్తాను. ఇంతసేపూ చెప్పినవన్నీ మన చేతిలో ఉన్నవి. మన చేతిలో లేనిదొకటి ఉంది, అదే చాలామంది పెద్దాడవాళ్లని ఇంట్లో కూర్చోబెడుతోంది. మరుగుదొడ్డి.

ఎక్కడికైనా బయల్దేరుతున్నామంటే మన ఇంటి పెద్దాడవాళ్లు పొద్దున్నుంచీ నీళ్లు తాగరు, గమనించారా? అడిగితే "దాహం లేదమ్మా" అంటారు. వయసు మీద పడ్డాక దాహం తెలియడం నిజంగానే తగ్గుతుంది. దానికి తోడు ఈ భయం. "ఎక్కడ వెళ్లాలో ఏమిటో, మీ అందరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకు" అని గొంతు తడుపుకోరు. రక్తపోటుకి నీళ్లమాత్ర వేసుకునేవాళ్లయితే ఆ పూట మాత్ర కూడా రహస్యంగా మానేస్తారు. మానేసిన సంగతి మనకి చెప్పరు. నీళ్లు లేక, మాత్ర లేక, ఎండలో తిరిగి, రాత్రి కళ్లు తిరిగి మంచం ఎక్కుతారు. అప్పుడు మనం ఏమంటాం? "చెప్పానా, ఆవిడకి ప్రయాణాలు పడవని!" ఆవిడకి పడనిది ప్రయాణం కాదు. దారిలో ఒక శుభ్రమైన దొడ్డి లేకపోవడం పడలేదు.

ఇది సిగ్గుపడి దాచుకునే మాట కాదు కాబట్టి పైకి అంటున్నాను. మా ఇంట్లో ఇప్పుడు బయల్దేరే ముందు అందరిముందూ కాకుండా, వాళ్లిద్దరితో విడిగా మాట్లాడతాను. ఎక్కడ మరుగుదొడ్డి ఉందో, ఎంతసేపటికి చేరతామో ముందే చెప్తాను. భారతీయ పద్ధతిలో ఉన్న దొడ్డిలో కూర్చుని లేవలేరు కాబట్టి కమోడ్ ఉన్న చోటు చూసి పెట్టుకుంటాను. టిఫిను హోటలు వాళ్లని మర్యాదగా అడిగితే కాదనరు, ఇడ్లీ తిన్నా తినకపోయినా. మాత్ర వేళ మార్చుకోవచ్చా అన్నది డాక్టరుని అడిగి తెలుసుకోవాలి, సొంతంగా మానెయ్యకూడదు. ఈ నాలుగు మాటలూ చెప్పిన రోజు మా అత్తగారు బస్సులోనే సీసా అడిగి మంచినీళ్లు తాగారు. ఆ సీసా మూత తిప్పిన చప్పుడు నాకు ఎంత తృప్తినిచ్చిందో చెప్పలేను.

మరో మాట, మర్యాద గురించి. సముద్రపు ఒడ్డు మనకి విహారం. అక్కడుండేవాళ్లకి అది పెరడు, వంటిల్లు, కొట్టూ అన్నీనూ. ఆరబెట్టిన నెత్తళ్ల పక్కనించి ముక్కు మూసుకుని పోకూడదు. వలల మీద కాలు వెయ్యకూడదు, వాటిలో కాలు తగులుకుంటే పడేది మన పెద్దవాళ్లే. అడక్కుండా ఎవరి ఫొటో తియ్యకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకి నిషేధం. ఆ రెండు నెలలూ చాలా పడవలు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగు చేసుకుంటూ మనుషులుంటారు. చూడముచ్చటగా ఉందని మనమనుకుంటాం, కానీ వాళ్లకవి చేతిలో డబ్బాడని రోజులు.

ఇంకొకటి కూడా కనపడుతుంది అక్కడ. మా అత్తగారి వయసే ఉన్న మనిషి, తల మీద చేపల తట్ట పెట్టుకుని మా పక్కనుంచి చకచకా వెళ్లిపోతుంది. ఆవిడకి నడక వ్యాయామం కాదు, రోజు గడవడం. పెద్దవాళ్లకి తేలిక నడక కావాలని నేను రాస్తున్నప్పుడు ఆవిడ నా కళ్లముందే ఉంది. తేలికగా నడిచే హక్కు మన ఇంటి ఆవిడకి ఎంత ఉందో, ఆ తట్ట దించి ఓ బెంచీ మీద కూర్చునే హక్కు ఈవిడకీ అంతే ఉంది. నేనడిగే బెంచీలూ, నీడా, దొడ్లూ ముందు ఆ ఊళ్లోవాళ్లకి పనికొస్తాయి, తర్వాతే మనకి.

ఒక రోజు అలాంటి ఆవిడే తట్ట దించి, మా ఇద్దరు పెద్దవాళ్లనీ చూసి, "ఎక్కడికెల్తన్నారమ్మా?" అని అడిగింది. మా అమ్మ ఒక్క క్షణం తడబడింది. గుడికి అందామనుకుంది కాబోలు, కొండవైపు చూసింది. తర్వాత నవ్వి, "ఎక్కడికీ లేదమ్మా, ఊరికే" అంది. డెబ్భై ఒక్క ఏళ్లలో మా అమ్మ నోట ఆ జవాబు నేను వినడం అదే మొదలు. "మంచిదేనమ్మా, గాలికొచ్చినారు" అని ఆవిడ తన తట్ట తను సర్దుకుంది. అంతకంటే ఏం జరగలేదు. కానీ ఆ రోజు మా అమ్మ నడక కొంచెం మారిందనిపించింది నాకు.

ఈ నడకలో నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. వెనక్కి తిరిగే చోటు వాళ్లే చెప్పాలి. "ఇంకొంచెం, అదిగో, అక్కడిదాకా" అని మనం లాగకూడదు. "చాలు, ఇంక వద్దు, అలసిపోయారు" అని మనం ఆపకూడదు. రెండూ ఒకటే పెత్తనం. జీవితమంతా ఎక్కడికి వెళ్లాలో, ఎప్పుడు రావాలో ఎవరో ఒకరు చెప్పగా నడిచిన మనుషులు వాళ్లు. ముందు నాన్న, తర్వాత మొగుడు, ఇప్పుడు కొడుకూ కోడలూ. కనీసం ఈ గంటన్నరైనా వాళ్ల కాళ్లకి వాళ్లే యజమానులుగా ఉండనివ్వండి. ఒకసారి మా అత్తగారు సమాధుల దగ్గరే "ఇవాళ ఇంతే" అన్నారు. అక్కడే కూర్చుని టీ తాగి వచ్చేశాం. ఇంకోసారి నది దాకా వెళ్లాక కూడా "ఇంకాసేపుందాం" అన్నారు. రెండూ మంచి నడకలే.

"అన్నీ బాగానే ఉన్నాయి, పడితే ఎవరిది బాధ్యత?" అని మీ ఇంట్లో మగవాళ్లు అడుగుతారు. మా ఇంట్లోనూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ కదలకుండా కూర్చోబెడితే పడరనుకోవడం పొరపాటు. వాడకపోతే తొడల్లో బలం తగ్గుతుంది, తూకం తప్పుతుంది, ఆఖరికి స్నానాలగదిలో పడతారు. అరవై ఐదు దాటినవాళ్లు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమతో కదలాలనీ, వారంలో మూడు రోజులైనా శరీరం తూకం నిలిపే కసరత్తులు చెయ్యాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మావాళ్లిద్దరూ నడిచినంతసేపూ మాట్లాడుతూనే ఉంటారు కాబట్టి నాకు కొలత సులువు. మాటలు ఆగాయంటే కూర్చోబెట్టాలని గుర్తు. ఇక గుండెనెప్పి, ఆయాసం, కొత్తగా కాళ్లవాపు ఉన్నవాళ్లు ముందు డాక్టరుకి చూపించుకునే బయల్దేరాలి. అందులో రెండో మాట లేదు.

చివరగా మనలాంటివాళ్ల గురించి. ఈ నడక కోడలి నెత్తిన పడే ఇంకో పని కాకూడదు. పులిహోర కలిపి, పెరుగన్నం కట్టి, ఫ్లాస్కులో కాఫీ పోసి, పదిమందికి గిన్నెలు సర్దుకుని వెళ్తే, వచ్చాక అవన్నీ తోమాల్సింది మనమే. అప్పుడు రెండోసారి వెళ్లబుద్ధి కాదు. మంచినీళ్లూ, మందులూ, బిస్కట్లూ, ఒక గొడుగూ చాలు. గొడుగు నీడకీ పనికొస్తుంది, చేతికర్రగానూ పనికొస్తుంది. తినేది అక్కడే కొనుక్కోండి. నెలకోసారి మీరు తీసుకెళ్తే, ఇంకోసారి వాళ్ల కొడుకు తీసుకెళ్లాలి. తల్లి నడకకి తోడు నడవడం కొడుకుకి కూడా తెలియాల్సిన విద్యే. చెయ్యి గట్టిగా పట్టుకుని లాగడం కాదు, పక్కన నడుస్తూ వాళ్లు పట్టుకోవడానికి మోచెయ్యి ఇవ్వడం. ఆ తేడా ఒక్కసారి నడిస్తే తెలిసిపోతుంది.

మన తీరానికి ఏటా కొత్త హంగులొస్తున్నాయి. ఫొటోలు దిగే బొమ్మలు, రంగుల దీపాలు, నీళ్లమీద ఆటలు. రానివ్వండి, పిల్లలకి సరదా. వాటికి పెట్టే ఖర్చులో కొంత వంద అడుగులకో బెంచీ వెయ్యడానికి పెట్టమని అడగాలి. వీపుకి ఆనుడూ, లేవడానికి చేతులూ ఉన్న బెంచీ. ఇసకలోకి దిగే చోట మెట్లకి బదులు వాలు దారి, దానికో పట్టుకునే గొట్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి విశాఖ చుట్టుపక్కల చెట్లని కూల్చేసిందని మనందరికీ గుర్తే. బీచ్ దారుల్లో నీడ లేనిచోట ఇంకా చెట్లు నాటాల్సి ఉంది. ఇక తాళం వెయ్యని, నీళ్లొచ్చే, కమోడ్ ఉన్న ఆడవాళ్ల మరుగుదొడ్డి ఒకటి. ఇవేవీ పెద్ద కోరికలు కావు. వార్డు సచివాలయంలో ఒక అర్జీ ఇవ్వండి. ఒక్కరు ఇస్తే పక్కన పడేస్తారు, పదిమంది ఇస్తే చదువుతారు.

ఆ అర్జీ మీద సంతకాలు మనవే ఉంటే సరిపోదు. మీ అత్తగారి చేతా, అమ్మ చేతా కూడా పెట్టించండి. మేం మొన్న ఇచ్చినదాంట్లో మా ఇద్దరు పెద్దవాళ్ల సంతకాలే ముందున్నాయి. బెంచీకి చేతులుండాలన్న మాట మా అత్తగారు అడిగి మరీ రాయించినదే.